దొరగారికి వన్స్‌మోర్

ఆదివారం నాటకం. గురువారం మధ్యాహ్నానికి దొర వేషం కట్టేవాడు లేడు. పోయినవారం మనం నందిగామ హైస్కూలు భవానీప్రసాద్ మాస్టారిని ఈ చిక్కులోనే వదిలేసి, ఎవరి భోజనాలకి వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆయనకి మాత్రం అన్నం సయించలేదు.

మరిచిపోయినవారి కోసం నాలుగు ముక్కలు. మాస్టారు రాసిన నాటకం ఈస్టిండియా కుంఫిణీవారి కాలం గురించి. నందననామ సంవత్సరపు కరువులో రాళ్ళకోట జమీందారు గాదెలకి తాళాలు బిగించి, ధాన్యం బందరు ఓడలకి అమ్ముకుంటుంటే, పెనుగంచిప్రోలు ఇల్లాలు రత్తమ్మ రోకటిపోటుతో తాళం పగలగొట్టి ఊరికి పంచిపెట్టిందని కథ. ఆ జమీందారు దొర ఆమెని కచేరీలో నిలబెట్టి దొంగ అన్నాడు. దొర చచ్చాడు, కుంఫిణీ పోయింది, తెల్లవాళ్ళూ పోయారు, ఆ మాట మాత్రం పోలేదు. ఇంటిపేరు ఏదైనా ఊళ్ళోవాళ్ళు ఆ కుటుంబాన్ని ‘గాదెదొంగలోళ్ళు’ అనే పిలుస్తారు. కళ్ళంలో బస్తా తగ్గితే ముందు వాళ్ళ వాకిలికేసే చూస్తారు.

రత్తమ్మ మనవరాలు రాఘవమ్మకి ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడకి ఇల్లరికం వచ్చిన మొగుడు ఎక్కడో దివిసీమ మనిషి. పెళ్ళయిన మర్నాటికల్లా ఆయనా గాదెదొంగ అయిపోయాడు. మనవరాలు పుష్పవతిని బళ్ళో వేస్తే పంతులు రిజిస్టరులో ‘గాదెదొంగల పుష్పవతి’ అని రాసేశాడు. ఆ పుష్పవతే ఇప్పుడు చిన్నపిల్లలకి చదువు చెబుతోంది, నాటకంలో రత్తమ్మ వేషమూ వేస్తోంది. బెజవాడ నుంచి వేషగత్తెని పిలిపిద్దామన్న మాస్టారిని, “మా ఇంటి మనిషి వేషం ఇంకోళ్ళు కడితే నేనూరుకోను” అని అదరగొట్టి మరీ తీసుకుంది.

నాటకం చివర దొరకి బుద్ధి వచ్చి, తలపాగా తీసి, రత్తమ్మ దొంగ కాదని పద్యం పాడతాడు. పోయిన నెల నందిగామలో ఆ వేషం కట్టినవాడు పుల్లయ్య. నాలుగు వన్స్‌మోర్లు వచ్చాయి. జనం ఏడ్చారు. రాఘవమ్మ మాత్రం ఇంటికొచ్చి, “బాగా పాడాడు పుల్లయ్య. కానీ అన్నది పుల్లయ్యేగా” అని మూలుగుతూ పడుకుంది. ఆ మాట రాళ్ళకోట వాళ్ళ నోట వినాలని ఆవిడ పట్టు. చచ్చేలోగా వినాలి.

ఆ పుల్లయ్య రాళ్ళకోట దొరగారి పొలం నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. కోట నుంచి కబురొచ్చింది. మర్నాడు పుల్లయ్య, “మీసం అంటిస్తే తుమ్ములొస్తన్నయ్ మాస్టారూ” అని వేషం వదిలేశాడు. అక్కడున్నాం.

గురువారం రిహార్సలు జగ్గయ్యపేటలో, కోటిలింగం గారి మిరపకాయల గోదాములో. కోటిలింగం గారు నాటక సమాజానికి అధ్యక్షులు. అధ్యక్షులు కాబట్టి కుంఫిణీ కలెక్టరు వేషం కూడా ఆయనదే. గోదాములో గుమాస్తాల మీద ఎంత అరిచినా, స్టేజి మీద ఆయన మాటలు రెండే. ఒకటి ‘వెల్’, రెండోది ‘వెల్ వెల్’. ఆ రెండింటినీ ఆ మధ్యాహ్నం నుంచి పన్నెండుసార్లు అని, పదమూడోసారికి నోరు తెరిచారు. గుమ్మంలో కారు ఆగింది.

ముందు కుర్చీ దిగింది. చేతుల మీద సింహం తలలున్న కుర్చీ. ఒక నౌకరు దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చి, బస్తాల మధ్య దులిపి వేశాడు. ఆ తరవాత రాళ్ళకోట రాజా వరప్రసాదరావు బహద్దరు దిగారు. ఆయన ఎవరింటికెళ్ళినా కుర్చీ వెంట తెచ్చుకుంటారు. ఊళ్ళోవాళ్ళ కుర్చీలు ఆయన బరువు మోయలేవని కాదు, పరువు మోయలేవని. జమీందారీలు రద్దయి పదేళ్ళు కావొస్తోంది. చింత చచ్చినా పులుపు చావలేదంటారే, అది ఈయన్ని చూశాకే అన్నారేమో అనిపిస్తుంది.

“ఎవడోయ్ నాటకం రాసింది?” అన్నారు కూచుని.

మాస్టారు లేచి నిలబడ్డారు. “నేనండి.”

“మా ముత్తాతని నాటకంలో పెట్టావుట.”

“ఆయన పేరు పెట్టలేదండి. నరసభూపతి అని...”

“పులిని పులి అనకపోతే పిల్లి అవుతుందా?” అన్నారు దొరగారు. “సరే, పెట్టావు. దుర్మార్గుణ్ణి చేశావు, అదీ సరే. దుర్మార్గం చెయ్యాలన్నా పుట్టుక ఉండాలి. కానీ నీ పుల్లయ్య నందిగామలో ఆ వేషం కట్టి, కుర్చీలో మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాట్ట! మా వంశంలో అలా కూచున్నవాడు లేడు. నలుగురూ చూసి రాళ్ళకోట దొర అంటే ఇంతేనా అనుకోరూ?”

గోదాములో అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయన తిడతారనుకున్నారు, కొడతారనుకున్నారు. కూచునే తీరు గురించి వచ్చారని ఎవరూ అనుకోలేదు.

“అందుకని ఆ వేషం నేను కడతా” అన్నారు దొరగారు.

కోటిలింగం గారు పదమూడో ‘వెల్’ అప్పుడన్నారు, అప్రయత్నంగా.

“సంగీతం మదరాసులో నేర్చుకున్నా. మీ పద్యాలన్నీ మా నౌకరు చేత రాయించి తెప్పించా. అన్నీ నోటికొచ్చాయి. ఒకటే మాట. ఆఖరి పద్యం పాడను. దాని బదులు, ఈ పిల్లని చూపించి దొంగ అంటాను. ఇది నా కాళ్ళ మీద పడి క్షమించమంటుంది. తెర. జరిగింది అదీ. జరిగిందే ఆడండి.”

“జరగంది ఆడించేది మీరండీ!” అంది పుష్పవతి. మొహం మిరపపండులా అయింది. “నేను పడను. డబ్బా మైకు పెట్టుకుని రోడ్డు మీద ఆడుకుంటాం గానీ, ఆ ముక్క మాత్రం ఆడం.”

“ఆడుకోండి. ఆదివారం మీరు తీసుకున్న టూరింగు టాకీసు డేరా ఉంది చూశావూ, ఆ స్థలం నాది. కాదన్న మరుక్షణం డేరా పీకిస్తా. టిక్కెట్లు కొన్న జనానికి మీ మాస్టారు సమాధానం చెప్పుకుంటాడు.”

మాస్టారు చేతిలోని నాటకం పుస్తకం మూసేశారు. రెండువేల మంది ముందు, మైకులో, రాళ్ళకోట దొర నోటితోనే మళ్ళీ ‘దొంగ’! పుష్పవతి ఇంటి మీద మచ్చ కడుగుదామని మొదలుపెట్టిన నాటకం. అదే ఇప్పుడు పచ్చబొట్టు పొడిచేట్టుంది.

“ఒప్పుకోండి మాస్టారూ” అని వినిపించింది బస్తాల వెనక నుంచి.

రాఘవమ్మ. మనవరాలికి తోడొచ్చి, ఊరికే కూచోలేక, ఒక బుట్ట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“ఎవరీ ముసల్ది?” అన్నారు దొరగారు.

“గాదెదొంగలోళ్ళ రాఘవమ్మనండి” అంది ఆవిడే, తొడిమ తీస్తూ. “తమరు స్టేజీ ఎక్కండి. మాకదే చాలు.”

“చూశావా, ముసల్దానికున్న బుద్ధి నీకు లేదు” అని పుష్పవతితో చెప్పి, దొరగారు వెళ్ళిపోయారు. ఆయన వెనక కుర్చీ వెళ్ళింది.

కారు చప్పుడు తగ్గేదాకా ఆగి పుష్పవతి నాయనమ్మ మీద పడింది. “నీకు మతిపోయిందా నాయనమ్మా? ఆయనెక్కి నిన్ను దొంగ అంటాడంట, ఎక్కమంటావా?”

“అంటే అంటాడు. కొత్తగా పోయేదేముంది? పుల్లయ్య నోట వందసార్లు విన్నా నాకేం లాభం లేదే. ఇన్నాళ్ళకి ఆ ఇంటి నోరే స్టేజీ ఎక్కుతానంటే వద్దంటారేంది?” ముసలమ్మ బుట్ట పక్కకి జరిపింది. “మా అమ్మ వాళ్ళ కోటలో వడ్లు దంచేది. వాళ్ళ సంగతి నాకు తెలుసు. ఆ ఇంటోళ్ళు ఆకలికన్నా ఆగుతారు గానీ, పొగడ్తకి ఆగలేరు. ఏం ప్రేమదాసూ?”

హార్మనిస్టు ప్రేమదాసు ముప్పై ఏళ్ళుగా నాటకాలకి వాయిస్తున్నవాడు. ఎందరి గొంతులనో మోసినవాడు. ఆయన కాలితో తిత్తి తొక్కి, ఆఖరి పద్యం శ్రుతి ఒక్కసారి మెల్లిగా పలికించి, నవ్వుకున్నాడు.

*

ఆదివారం పొద్దున పది గంటలకి ఆట. సాయంత్రమైతే డేరాలో సినిమా ఉంటుంది కాబట్టి నాటకానికి పొద్దుటి పూటే దొరికింది. తొమ్మిదికల్లా నేల టిక్కెట్టు నిండిపోయింది. పెనుగంచిప్రోలు నుంచి బళ్ళు కట్టుకొచ్చారు. నందిగామ నుంచి ఓ బస్సెడు మంది, మొదటిసారి చూసినవాళ్ళే మళ్ళీ వచ్చారు. దొర వేషం దొరే కడుతున్నాడంటే ఎవరాగుతారు?

తెర వెనక కోటిలింగం గారికి ఒకటిన్నర డబ్బా పౌడరు పట్టింది. అయినా చెవులు నల్లగానే మిగిలాయి. దొరగారు మాత్రం మొహానికి రంగు ముట్టుకోలేదు. అద్దె కోటు తొడగలేదు. తాతలనాటి జరీకోటు, జరీ తలపాగా పెట్టెలోంచి తీయించారు. ఆయన నడుస్తుంటే కలరా ఉండల వాసన ముందు నడిచింది.

రెండో రంగంలో దొర ప్రవేశం. తెర లేచింది. సింహం కుర్చీలో దొరగారు కాలు మీద కాలు వేసుకుని, మీసం మీద చెయ్యి వేసుకుని కూచునున్నారు.

అప్పుడో సంగతి జరిగింది. నేల మీద కూచున్న ముసలివాళ్ళు ముప్పై నలభై మంది, ఎవరో తాడు పట్టి లాగినట్టు, లేచి నిలబడ్డారు. భుజాల మీది కండువాలు చంకల్లోకి వెళ్ళాయి. ఒకాయన చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. నాటకం చూడ్డానికొచ్చామన్న సంగతి వాళ్ళ బుర్రలకి తెలుసు, కాళ్ళకి తెలీదు. వెనక కుర్రకారు గొల్లున నవ్వారు. “తాతా కూచో, అది నాటకం!” అని ఎవరో కేకేశారు.

దొరగారేం చేశారనుకున్నారు? నాటకం మధ్యలో, స్టేజి మీంచి, చెయ్యి ఊపి, “కూచోండి, కూచోండి” అన్నారు. అప్పుడు కూచున్నారు. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ కాళ్ళని అలా అలవాటు చెయ్యడానికి ఎన్ని తరాలు పట్టిందో!

ఆ తరవాత దొరగారు మొదటి పద్యం అందుకున్నారు. నా గాదె, నా ధాన్యం, నా రాజ్యం అని గర్జించే పద్యం. అబద్ధం ఎందుకాడాలి, బ్రహ్మాండంగా పాడారు. గొంతు కంచు. ఆఖర్న ఒక సంగతి వేసి, చెయ్యి అలాగే గాల్లో ఉంచి, జనం వైపు చూశారు.

పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అనడం, అంటే వేషగాడు మళ్ళీ పాడడం మన నాటకాల ఆచారం. స్టేజి మీద చచ్చిపడున్నవాడైనా సరే, వన్స్‌మోర్ అంటే లేచి పాడి మళ్ళీ చావాలి. అది జనం హక్కు. ఆ హక్కుకి మహారాజులూ బద్ధులే.

ఒక్కరూ అనలేదు. వెనక బెంచీల్లో ఎవరో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న చప్పుడు వినిపించింది.

రెండో పద్యం పాడారు. దానికీ లేదు. గాల్లో పెట్టిన చెయ్యి నొప్పెట్టింది, దించారు. మూడో రంగంలో పుష్పవతి వచ్చింది. కరువులో ఖాళీ చాట ముందు పెట్టుకుని పాడిన పద్యానికి రెండు వన్స్‌మోర్లు. రోకలి ఎత్తి తాళం పగలగొట్టినప్పుడు ఈలలు. కోటిలింగం గారి ‘వెల్ వెల్’కి కూడా చప్పట్లు పడ్డాయి, చెవులు చూసే అనుకోండి.

విశ్రాంతిలో దొరగారు తెర వెనక పచార్లు చేస్తున్నారు. ప్రేమదాసు హార్మనీ దగ్గర కూచుని టీ తాగుతున్నాడు.

“ఏమయ్యా, నాకు వన్స్‌మోర్ రాలేదేం? శ్రుతి సరిగా ఇచ్చావా?”

“శ్రుతి బంగారంలా ఉందండి. తమరి గొంతు అంతకన్నా బాగుంది.”

“మరి?”

“దర్పానికి వన్స్‌మోర్ రాదండి. జనానికి అది ఇంటి దగ్గర ఎటూ దొరుకుతది” అన్నాడు ప్రేమదాసు, టీ ఊదుకుంటూ. “ఈ నాటకంలో దొర వేషానికి వన్స్‌మోర్ వచ్చే పద్యం ఒకటేనండి. ఆఖరిది. తమరు కొట్టేయించారు గదా.”

దొరగారు రెండడుగులు వేసి ఆగారు. “అది పాడితే వస్తుందంటావా?”

“నందిగామలో పుల్లయ్యకి నాలుగొచ్చినయ్ అండి.”

“నాలుగా? ఆ తుమ్ములవాడికా?”

“పాపం, మూడోసారి మధ్యలో తుమ్మాడు కూడానండి. అయినా అడిగారు.”

దొరగారు వెళ్ళి తన కుర్చీలో కూచున్నారు. రెండు నిమిషాల తరవాత, గొంతులోనే, ఏదో కూనిరాగం వినిపించింది. ప్రేమదాసు గ్లాసు కింద పెట్టి, పుష్పవతి వైపు చూసి కన్ను గీటాడు. ఆ పిల్ల నవ్వలేదు. ఆయన పాడతాడో, దొంగ అంటాడో! ముందు వరసలో నాయనమ్మ ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. మళ్ళీ ఆ మాట వింటే ఈసారి మంచం పడుతుందని దాని భయం.

*

ఆఖరి రంగం. కచేరీ. కుర్చీలో దొర, పక్కన కలెక్టరు. చేతులు కట్టేసిన రత్తమ్మని భటులు తెచ్చి నిలబెట్టారు.

దొరగారు లేచారు. డేరాలో గాలి కూడా ఆగింది. మాస్టారు పక్క తెర గుడ్డని పిడికిట్లో పట్టుకుని నిలబడ్డారు.

“ఇది దొంగ!” అన్నారు దొరగారు, వేలు చూపించి.

మైకు ఆ మాటని డేరా బయట బళ్ళ ఎడ్ల దాకా మోసింది. జనంలో కలకలం. “పుల్లయ్య ఇట్లా అనలేదే!” అని నందిగామ వాళ్ళెవరో అరిచారు. “ఇదేం నాటకం? డబ్బులిచ్చెయ్యండి!” అని ఇంకొకరు. ముందు వరసలో రాఘవమ్మ తల వంచుకుంది.

ఇప్పుడు పుష్పవతి కాళ్ళ మీద పడాలి. పడలేదు. దొరగారి మొహంలోకి సూటిగా చూస్తూ నిలబడిపోయింది. ఎంతసేపని ఊరుకుంటారు ఎవరైనా? స్టేజి మీద మౌనం ఎంత బరువో వేషం కట్టినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ మౌనంలోకి ప్రేమదాసు ఆఖరి పద్యం శ్రుతి ఇచ్చాడు.

అంతే. జనం గుర్తుపట్టారు. కలకలం ఠక్కున ఆగింది. నందిగామ వాళ్ళు ముందుకి జరిగారు. రెండువేల మొహాలు దొరగారి వైపు తిరిగాయి, ఆకలి మీదున్నవాళ్ళు విస్తరి వైపు చూసినట్టు. పొద్దుటి నుంచి ఆయన జనం చూపు కోసం, చెవి కోసం చెయ్యి గాల్లో పెట్టుకుని కూచున్నారు పాపం. ఇప్పుడొచ్చాయి. కానీ అవి పద్యం కోసం వచ్చాయి.

దొరగారి కంఠం కదిలింది. ఒక చెయ్యి పైకి లేచింది. తనకి తెలీకుండానే ఒక అడుగు ముందుకేసి, అందుకున్నారు.

“గాదె నాది కాని గాదెలో ధాన్యమ్ము
నీది, చేను దున్ను నీ జనులది;
తాళమేసినట్టి దాష్టీకమే దొంగ,
దొంగ నేనె తల్లి, దొరవు నీవె!”

ఎలా పాడారంటే, నేను పుల్లయ్యని మరిచిపోయాను. ‘తల్లి’ అన్నచోట ఆ కంచు గొంతు కరిగింది. అది విద్యో, ఇంకేదైనానో చెప్పడం నా వల్ల కాదు. ఆఖరి మాటకి తలపాగా తీసి పట్టుకోవాలి. పట్టుకున్నారు.

“వన్స్‌మోర్!”

డేరా ఎగిరిపోయేట్టు లేచింది కేక. దొరగారి మొహం చూడాలి! పన్నెండేళ్ళవాడికి పందెంలో కప్పు వచ్చినట్టుంది. తలపాగా మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ పాడారు, మళ్ళీ తీశారు. “వన్స్‌మోర్!” రెండు. “వన్స్‌మోర్!” మూడు. “వన్స్‌మోర్!” నాలుగు. పుల్లయ్యతో సమానం. ఆయన జనం వైపు చూసి, మునివేళ్ళతో ‘ఇంకోటి’ అన్నట్టు సైగ చేశారు! జనం ఇచ్చారు. అయిదోదానికి కూడా పాడి, చెమటలు కక్కుతూ, దొంగ నేనె తల్లి అని పుష్పవతి ముందు తల వంచారు. ఏ ముసలివాళ్ళు పొద్దున లేచి నిలబడ్డారో వాళ్ళు ఈసారి కూచునే చప్పట్లు కొట్టారు. పుష్పవతి కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, అది నటన కాదు. కోటిలింగం గారికి కూడా ఏడుపొచ్చి, పౌడరు చారలు కట్టింది.

తెర పడింది. దొరగారు రొప్పుతూ, “అయిదు! చూశావా ప్రేమదాసూ, అయిదు!” అన్నారు.

“చూశానండి” అన్నాడు ప్రేమదాసు. “అయిదుసార్లూ అదే మాట అన్నారండి.”

“ఏవన్నాను?”

దొరగారి నవ్వు మెల్లిగా దిగిపోయింది. చేతిలో ఉన్న తలపాగా వైపు చూసుకున్నారు. ఆయన మొహం ఎర్రబడుతుండగా పక్కమెట్ల మీంచి రాఘవమ్మ, ఒక్కో మెట్టుకి ఒక్కోసారి మోకాలు పట్టుకుంటూ, స్టేజి ఎక్కింది.

“అది నాటకం, ముసలమ్మా” అన్నారు దొరగారు గబుక్కున. “నాటకంలో మాట. దానికి విలువ లేదు.”

“అప్పుడు కచేరీలో తమరి ముత్తాతగారు ఆడిందీ నాటకమేనండి” అంది రాఘవమ్మ. “అది యాభై మంది చూశారు. దీన్ని రెండువేల మంది చూశారు. నాకు చాలు బాబుగారూ. చెవులారా విన్నా. ఇంక మా పిల్లని ఎవడన్నా గాదెదొంగ అంటే, రాళ్ళకోట దొరగారిని అడగమంటా.”

బయట జనం ఇంకా కదల్లేదు. పెనుగంచిప్రోలు వాళ్ళెవరో, “రాఘవమ్మగారూ! బండి కట్టామండీ!” అని కేకేశారు. గారూ అన్నారు. పుష్పవతి వచ్చి నాయనమ్మని పట్టుకుంది. నాకైతే కథ ఇక్కడితో ఆపేసి హాయిగా నిద్రపోవాలనుంది. కానీ రాఘవమ్మ ఆగనిస్తేగా?

ఆవిడ మనవరాలి చెయ్యి విడిపించుకుని, రొంటిన దోపుకున్న చిన్న గుడ్డసంచి తీసింది. ముడి విప్పుతూ చెప్పింది.

“మా నాయనమ్మ పోయేటప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ ఇంటి నోటితో దొంగ కాదన్న రోజున ఇది వాళ్ళకిచ్చెయ్యి, అందాకా నోరు విప్పమాకు అని ఒట్టేయించుకుంది. డెబ్భై ఏళ్ళు విప్పలా. మాస్టారూ, తమరు ఏమనుకోవద్దు, నాటకంలో ఒక ముక్క తప్పు. మా నాయనమ్మ రోకలి పట్టుకుపోలేదు. తాళం పగలగొట్టలేదు.”

“మరి?” అన్నారు మాస్టారు. ఆయన మూడో రంగం మొత్తం రోకలి మీదే ఉంది.

“తీసింది. తాళంచెవితో.”

గుడ్డలోంచి జానెడు ఇత్తడి తాళంచెవి బయటపడింది. దాని పిడి మీద ఒక చిలక.

దొరగారు దాన్ని అందుకోబోయి ఆగిపోయారు. దివాణం తాళాలన్నిటికీ సింహం ముద్ర. చిలక ముద్ర రాణివాసం తాళంచెవులకే ఉంటుంది. చిన్నప్పుడు తన నాయనమ్మ నడుముకి ఆ గుత్తి వేలాడ్డం ఆయన చూశారు. గాదెకి రెండు తాళంచెవులుండేవనీ, రాణివాసంలోది కరువు సంవత్సరంలో పోయిందనీ, దాని మాట ఎత్తితే ఇంట్లో మగవాళ్ళు కసురుకునేవారనీ ఆయనకి గుర్తుంది. సింహం కుర్చీ అటుపక్క ఉంది. ఈయన దగ్గర్లో ఉన్న కోటిలింగం గారి మడత కుర్చీలో, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, కూలబడ్డారు.

“ఇది దొంగిలించింది కాదు బాబుగారూ. చేతిలో పెట్టిందే. పెట్టినవాళ్ళ పేరు బయటికి రాకూడదనే మా నాయనమ్మ కచేరీలో నోరు మూసుకుని దొంగ అనిపించుకుంది.”

“ఎవరు?” అన్నారు దొరగారు. మళ్ళీ అన్నారు. “ఎవరిచ్చారమ్మా మీకిది?”

అమ్మా అన్నారు. మీకు అన్నారు. పద్యంలో కాదు, మామూలుగా.

రాఘవమ్మ జవాబు చెప్పబోయి, స్టేజి మధ్యలో నిలబెట్టిన మైకు వైపు చూసింది. తెర అవతల జనం చప్పుడు లేకుండా వింటున్నారు. ఆవిడ తాళంచెవిని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

“ఇక్కడ వద్దండి. మైకుంది. రేపు కోటకొచ్చి చెప్తా. మా నాయనమ్మ ఆ రోజు పెరటి గుమ్మంలోంచి వచ్చింది. నేను వీధి గుమ్మంలోంచి వస్తా. తలుపు తీసి ఉంచండి.”